సీఆర్‌ఏ అండర్‌గ్రాడ్ రీసెర్చ్ అవార్డు: నా పేరు పంపమని ప్రొఫెసర్‌ని నేనే అడగొచ్చా?

దివిసీమ_పిల్ల
సెప్టెంబరు 14, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది ఎమ్మెస్‌కి వచ్చినవాళ్లే కనిపిస్తున్నారు. నేను ఇంటర్ అవగానే బీఎస్‌కే అమెరికా వచ్చేశాను, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ, కంప్యూటర్ సైన్స్. సీనియర్ ఇయర్ ఇప్పుడే మొదలైంది.

మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసే ఒకావిడ మొన్న మాటల మధ్యలో "సీఆర్‌ఏ అవార్డుకి నీ పేరు పంపమని ప్రొఫెసర్‌ని అడిగావా?" అంది. నాకు ఆ పేరే తెలీదు. తర్వాత చదివితే అర్థమైంది, కంప్యూటింగ్ రీసెర్చ్ అసోసియేషన్ వాళ్లు ఉత్తర అమెరికా కాలేజీల్లో డిగ్రీలో ఉండగానే మంచి రీసెర్చ్ చేసినవాళ్లకి ఏటా ఇస్తారట.

నా డౌట్లు ఇవీ. ఎఫ్-1 వాళ్లకి ఇస్తారా? నా జీపీఏ 3.7, పర్లేదా? అన్నిటికంటే ముఖ్యం, "నా పేరు పంపండి" అని మనంతట మనం అడగడం బాగుంటుందా? అమ్మని అడిగితే "నచ్చితే వాళ్లే పంపుతార్లే, నువ్వెళ్లి అడిగి చులకనవ్వకు" అంది.

నా పని ఫ్లేకీ టెస్టుల మీద. అంటే కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ఓసారి పాసై ఓసారి ఫెయిలయ్యే టెస్టులు. పేపర్ ఒకటి రివ్యూలో ఉంది. నేను సెకండ్ ఆథర్‌ని.


హైటెక్_సిటీ_నాన్న
సెప్టెంబరు 15, ఉదయం 7:05

అమ్మా, మా అబ్బాయి టెక్సాస్‌లో సోఫమోర్, అంటే డిగ్రీ రెండో ఏడు. 4.0 జీపీఏ. ప్రతి సెమిస్టరూ డీన్స్ లిస్టులో ఉంటాడు. ఈ అవార్డు అప్లికేషన్ లింకు, లాస్ట్ డేటు కాస్త పెట్టగలరు.


సీమ_సెగ
సెప్టెంబరు 15, ఉదయం 9:40

అంకుల్, ఆ ఫారం అబ్బాయి నింపి పంపేది కాదు. డిపార్ట్‌మెంట్ నామినేట్ చేయాలి. పైగా ఇది మార్కులకిచ్చే మెడల్ కాదు. 4.0 ఉండి రీసెర్చ్ ఏమీ లేకపోతే అసలు పేరే పంపరు.

దివిసీమా, ఎఫ్-1కి ఏ ఇబ్బందీ లేదు, ఇక్కడ పౌరసత్వం ఎవరూ అడగరు. నువ్వు దీన్ని గోల్డ్‌వాటర్‌తో కలిపేసుకున్నట్టున్నావ్. ఆ స్కాలర్‌షిప్‌కైతే అమెరికా పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయ్యుండాలి. ఎన్ఎస్ఎఫ్ (రీసెర్చ్‌కి డబ్బులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) డబ్బుతో నడిచే ఆర్‌ఈయూ సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములూ అంతే, వాళ్ల గ్రాడ్యుయేట్ ఫెలోషిప్పూ అంతే. వరసగా ఇన్ని చోట్ల "నాట్ ఎలిజిబుల్" చూసి చూసి మన పిల్లలు ఏది కనపడ్డా "మనకి కాదులే" అని పేజీ మూసేస్తారు. ఇది మనకీ ఉంది. నేను కెనడాలో స్టడీ పర్మిట్ మీద చదువుతున్నప్పుడు నాకు ఆనరబుల్ మెన్షన్ వచ్చింది.

3.7 దివ్యంగా సరిపోతుంది.


ఓరుగల్లు_బిడ్డ
సెప్టెంబరు 15, మధ్యాహ్నం 12:15

గీ అవార్డులతోటి ఏమొస్తది చెప్పుండ్రి? నేను చానా ఏండ్ల సంది ఇండస్ట్రీల ఉన్న. ఇంటర్వ్యూల కూసోని నీకేం అవార్డులొచ్చినయ్ అని అడిగినోణ్ని నేనైతె సూడలే. చెల్లె, సీనియర్ ఇయర్ ఫాల్ అంటె జాబులకు అప్లై చేసే టైము. ఓపీటీ, అంటె చదువైనంక పనిచేసేటందుకు ఇచ్చే పర్మిషన్, షురువైనంక జాబు లేకుంట 90 రోజులకంటె ఎక్కువ ఉండనియ్యరు. ముందుగాల గది సూసుకో. షెల్ఫుల పెట్టుకునే కాయితం తర్వాత.


ఎన్పీ_మామ
సెప్టెంబరు 15, రాత్రి 10:50

ఓరుగల్లు తమ్ముడూ, ఈ అమ్మాయి నేరుగా ఉద్యోగానికి వెళ్లేదైతే నీ మాటకి నేనూ ఓటేస్తాను. పీహెచ్‌డీ మనసులో ఉంటే మాత్రం లెక్క వేరు. ఏం దివిసీమా, పీహెచ్‌డీకేనా?

నేను పీహెచ్‌డీ ఇవ్వని ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్తాను. ఏటా ఈ అవార్డుకి మా డిపార్ట్‌మెంట్ నుంచి ఎవర్ని పంపాలో తేల్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి. లోపల ఏం జరుగుతుందో చెప్తాను, మీ అమ్మగారికీ వినిపించు.

ఫ్యాకల్టీ మీటింగ్‌లో ఇదొక ఐటమ్. దానికి ముందు కొత్త హైరింగ్ గొడవ ఉంటుంది, తర్వాత ఎవరి సెలవుకి ఎవరు క్లాసు చెప్పాలన్న గొడవ ఉంటుంది. మధ్యలో చైర్, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, "సీఆర్‌ఏకి ఎవరైనా ఉన్నారా?" అంటారు. ఎవరో ఒకరు ఒక పేరు చెప్తారు, ఇంకొకరు ఇంకోటి. అయిపోయింది. ఆ నిమిషంలో ఎవరి నోటా రాని పేరు ఇక లేనట్టే. ఆ పిల్ల బాగా చేయలేదని కాదు. ఆవిడ ప్రొఫెసర్ ఆ వారం గ్రాంట్ రాసుకుంటూ అసలు మీటింగ్‌కే వచ్చి ఉండకపోవచ్చు. అందుకే అడగమంటున్నాను. విద్యార్థి గుర్తు చేస్తే మాలో ఎవరం చులకనగా చూడం. నిజం చెప్పాలంటే "అమ్మయ్య, గుర్తుచేశావ్" అనుకుంటాం. ఒక డిపార్ట్‌మెంట్ పంపగలిగేది కొద్దిమందినే. పైగా సీఆర్‌ఏ గడువు కంటే డిపార్ట్‌మెంట్ తన లోపల పెట్టుకునే గడువు చాలా ముందుంటుంది. ఇప్పుడు సెప్టెంబరు సగం అయిపోయింది, ఇక ఆలస్యం చేయకు.

మెయిల్ పొడుగ్గా వద్దు. ఫలానా అవార్డు గురించి తెలిసింది, మన డిపార్ట్‌మెంట్ ఈ ఏడు పేర్లు పంపుతోందా, పంపుతుంటే నా పని అందుకు తగినదని మీకు అనిపిస్తుందా అని అడుగు. "తగినదని అనిపిస్తుందా" అంటే వద్దనుకున్నవాళ్లకి మర్యాదగా వద్దనే వీలుంటుంది. అదే "నన్ను నామినేట్ చేయండి" అంటే ఆయన మొహమాటానికి సరేనని చప్పగా ఒక సిఫార్సు లెటర్ రాస్తాడు. చప్పటి లెటర్ వచ్చేకంటే అసలు రాకపోవడమే నయం.


దివిసీమ_పిల్ల
సెప్టెంబరు 15, రాత్రి 11:35

మామగారూ, చాలా థాంక్సండీ. అవును, పీహెచ్‌డీకే అప్లై చేస్తున్నాను. మీరు చెప్పినట్టే మెయిల్ రాసి ఇప్పుడే పంపేశా. అమ్మకి మాత్రం జవాబొచ్చాక చెప్తాను.


కాకినాడ_కాజా
సెప్టెంబరు 16, ఉదయం 6:30

నేను ఇండియాలోనే బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. మాలాంటివాళ్లకి ఇలాంటిది ఏమైనా ఉందాండీ? మా కాలేజీలో గోల్డ్ మెడల్ అంటే బ్రాంచ్ టాపరే, స్నాతకోత్సవంలో ఇస్తారు. దానికి అప్లై చేసేదేం ఉండదు. పర్సంటేజీ ఎంతొస్తే అంతే.


సీమ_సెగ
సెప్టెంబరు 16, ఉదయం 10:10

కాజా, ఐఐటీల్లో రాష్ట్రపతి బంగారు పతకం కూడా సీజీపీఏ మీదే వెళ్తుంది. మన దగ్గర పతకమంటే మార్కులే.

సీఆర్‌ఏ అవార్డు ఉత్తర అమెరికా కాలేజీలకే. నీకు పనికొచ్చేది ఏసీఎం (కంప్యూటింగ్‌వాళ్ల అంతర్జాతీయ సంఘం) స్టూడెంట్ రీసెర్చ్ కాంపిటీషన్. ఏసీఎం పెద్ద కాన్ఫరెన్సులు చాలావాటిలో అది నడుస్తుంది, అండర్‌గ్రాడ్స్‌కీ గ్రాడ్యుయేట్లకీ వేరువేరు విభాగాలు. ఏ దేశంవాళ్లయినా వెళ్లొచ్చు, ఏసీఎం స్టూడెంట్ మెంబర్‌షిప్ ఉండాలి. ముందు చిన్న అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. తీసుకుంటే కాన్ఫరెన్సులో పోస్టర్ దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి చెప్పాలి. అందులో నెగ్గినవాళ్లు చిన్న టాక్ ఇవ్వాలి. మొదటి మూడు స్థానాలకి 500, 300, 200 డాలర్లు. ఫస్ట్ వచ్చినవాళ్లు ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్స్‌కి వెళ్తారు. దీనికి ఎవరూ నామినేట్ చేయక్కర్లేదు, నువ్వే పంపుకోవచ్చు.


ఎన్పీ_మామ
సెప్టెంబరు 16, సాయంత్రం 5:20

కాజా, పోటీకంటే ముందు చూపించడానికి పని కావాలి కదా. మీ కాలేజీలో రీసెర్చ్ చేసే మాస్టారు లేకపోతే వేసవిలో బయటికి వెళ్లు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు దేశంలో ఏదో ఒక ల్యాబ్‌లో పనిచేయిస్తారు. ఐఐటీ హైదరాబాద్‌లో ష్యూర్ అని సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంది, బయటి కాలేజీల వాళ్లనీ తీసుకుంటారు. ఆ రెండు నెలల్లో ఏం చేశావో వారం వారం ఒక ఫైల్లో రాసి పెట్టుకో. ఏడాది తర్వాత లెటర్ అడిగేటప్పుడు అదే నీ ఆస్తి.


ఓరుగల్లు_బిడ్డ
సెప్టెంబరు 16, రాత్రి 9:00

మామా, మంచిగనే చెప్తున్నవ్ గని ఒక్క మాట అడుగుత. గీ లిస్టులల్ల ఎప్పుడు సూసినా పెద్ద పెద్ద యూనివర్సిటీల పేర్లే ఉంటయ్ కద. స్టేట్ స్కూలు పిల్లకు నిజంగ వస్తదా, లేకుంటె ఊకె ఆశ పెడ్తున్నరా?


ఎన్పీ_మామ
సెప్టెంబరు 16, రాత్రి 10:25

అడగాల్సిన మాటే. పెద్ద స్కూళ్ల పేర్లు ఎక్కువ కనపడటం నిజం. అక్కడ ఫస్ట్ ఇయర్ నుంచే ల్యాబుల్లోకి వెళ్లే వీలుంటుంది, లెటర్ రాసేవాళ్లకి ఇలాంటివి బాగా అలవాటు. అవతలి కమిటీలో కూర్చునేవాళ్లకి ఆ రాసినాయన తెలిసుండటమూ మామూలే. అందరూ సమానమే అని నేను చెప్పను. కానీ స్టేట్ యూనివర్సిటీల పిల్లలూ ఏటా ఆ జాబితాలో ఉంటారు. అదొక్క బహుమతి కూడా కాదు, అవార్డీ కింద రన్నరప్, ఫైనలిస్ట్, ఆనరబుల్ మెన్షన్ అని మెట్లున్నాయి.

ఇంకో సంగతి, ఫలితాలు వచ్చేసరికి పీహెచ్‌డీ దరఖాస్తుల గడువులు చాలావరకు అయిపోతాయి. అవి డిసెంబరు మొదటి పక్షంలోనే ఉంటాయి కదా. కాబట్టి అవార్డు చూసి అడ్మిషన్ ఇస్తారనుకోవద్దు. అసలు లాభం మరోటి. ఈ నామినేషన్ పుణ్యమా అని ప్రొఫెసర్ అక్టోబరులోనే కూర్చుని నీ గురించి ఆలోచించి గట్టి లెటర్ రాస్తాడు. డిసెంబరులో పది స్కూళ్లకి వెళ్లేదీ ఆ లెటరే. నామినేషన్ లేకపోతే అదే లెటర్‌ని నవంబరు 30 రాత్రి నిద్రమత్తులో రాస్తాడు.


దివిసీమ_పిల్ల
సెప్టెంబరు 18, రాత్రి 8:15

ప్రొఫెసర్ జవాబిచ్చారు! "తప్పకుండా, చైర్‌తో మాట్లాడతాను" అన్నారు. నా సీవీ, ట్రాన్‌స్క్రిప్ట్, రీసెర్చ్ గురించి ఒక పేజీ పంపమన్నారు. ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లిష్‌లో రాసిందాన్ని మీకోసం తెలుగులో పెడుతున్నా, తిట్టండి:

"చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ప్రాణం. ఆరో తరగతిలో నాన్న కొన్న డెస్క్‌టాప్‌తో మొదలైన ఆసక్తి నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది. సాఫ్ట్‌వేర్ నాణ్యత నేటి ప్రపంచంలో ఎంతో ముఖ్యం. మా బృందం ఫ్లేకీ టెస్టుల సమస్యను లోతుగా అధ్యయనం చేసి ఒక వినూత్న పద్ధతిని రూపొందించింది. ఈ ప్రాజెక్టులో పాలుపంచుకునే అవకాశం రావడం నా అదృష్టం."


సీమ_సెగ
సెప్టెంబరు 18, రాత్రి 8:50

తిట్టమన్నావు కాబట్టి. నాన్నగారి డెస్క్‌టాప్ తీసెయ్. ప్రపంచం తీసెయ్. అదృష్టం తీసెయ్. ఇంకేం మిగిలింది? "మా బృందం". అందులో నువ్వెక్కడ?


ఎన్పీ_మామ
సెప్టెంబరు 18, రాత్రి 9:30

సీమ ఘాటుగా అన్నా సరిగ్గా అంది. వాళ్లు చూసేది ఒకటే, ఇందులో ఈ పిల్ల సొంతంగా ఆలోచించి చేసింది ఏది అని. ట్యూటరింగ్, సేవ, మార్కులు అన్నీ చూస్తారు కానీ వెనకాల. పేజీ సంగతి మర్చిపోయి నాకిక్కడ మామూలు మాటల్లో చెప్పు. ఆ పేపర్‌లో నువ్వు లేకపోతే ఏది ఉండేది కాదు?


దివిసీమ_పిల్ల
సెప్టెంబరు 18, రాత్రి 10:40

సరేనండి, ట్రై చేస్తా. పైథాన్ ప్రాజెక్టుల్లో కొన్ని టెస్టులు విడిగా రన్ చేస్తే పాస్, మొత్తం సూట్‌తో (ప్రాజెక్టులోని టెస్టులన్నిటితో) కలిపి ఒక వరసలో రన్ చేస్తే ఫెయిల్. ఎందుకంటే వాటికి ముందు నడిచిన ఏదో టెస్టు ఏదో మార్చేసి వెళ్లిపోతుంది. నేను చూసిన ఒకదాంట్లో, ఒక టెస్టు టైమ్‌జోన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని మార్చి, తిరిగి మామూలుగా పెట్టకుండా వదిలేసింది. దాని తర్వాత ఎక్కడో చాలా కింద తేదీలు పోల్చే టెస్టు ఒకటి ఫెయిలవుతోంది. ఆ రెండు ఫైళ్లకీ పైకి ఏ సంబంధమూ లేదు. అసలు దోషి ఎవరో పట్టుకోవాలంటే ముందున్న టెస్టుల్ని ఒక్కొక్కటిగా దీని ముందు పెట్టి రన్ చేయాలి. సూట్ పెద్దదైతే సర్వర్ రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. మొదట మేం చేసిందీ అదే.

లాగ్స్ చూస్తుంటే నాకనిపించింది, అన్నిటినీ ఎందుకు ప్రయత్నించాలి? ప్రతి టెస్టుకీ ముందూ వెనకా గ్లోబల్ వేరియబుల్స్, ఎన్విరాన్‌మెంట్, టెంప్ ఫైళ్లు ఎలా ఉన్నాయో రాసుకుంటే, ఏదైనా మార్చి వదిలేసినవి కొన్నే తేలతాయి. వాటిల్లో కూడా ఈ ఫెయిలయ్యే టెస్టు చదివే వాటిని మార్చినవే కావాలి. ఆ కొన్నిటినే ప్రయత్నిస్తే చాలు. జావాలో ఇలాంటి ఆలోచనలు ముందే ఉన్నాయి. పైథాన్‌లో స్టేట్ మాడ్యూళ్ల లోపల ఎక్కడెక్కడో దాక్కుంటుంది, ఇంపోర్ట్ చేస్తేనే మారిపోయేవీ ఉంటాయి. ఆ రికార్డర్ మొత్తం నేనే రాశాను. ఎక్కడ పనిచేయలేదో కూడా నేనే వెతికాను: సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ల లోపలి స్టేట్ దానికి కనపడదు.

ఎంత టైమ్ తగ్గిందో అంకెలు ఇక్కడ పెట్టట్లేదు, పేపర్ ఇంకా రివ్యూలో ఉంది కదా.


ఓరుగల్లు_బిడ్డ
సెప్టెంబరు 18, రాత్రి 11:05

అబ్బ! చెల్లె, గీ టైమ్‌జోన్ లొల్లి మా టీంల సుత ఉంది. నా లాప్‌టాప్ల పాసైతది, సీఐల, అంటె కోడ్ మారినప్పుడల్ల టెస్టులు నడిపే సర్వర్ల, ఫెయిలైతది. మావోళ్లేం జేస్తరో ఎరుకేనా, రీ-రన్ బటన్ గొడ్తరు, పాసయ్యేదాంక గొడ్తరు. నీ టూలు ఓపెన్ సోర్సు చేస్తె నాకు జెర చెప్పు. జాబు సూసుకో అన్న మాట వాపస్ తీసుకోను గని, గిది మాత్రం షెల్ఫుల కాయితం కాదు.


ఎన్పీ_మామ
సెప్టెంబరు 18, రాత్రి 11:30

అమ్మాయ్, నువ్వు పైన రాసిందే నీ పేజీ. ఇంగ్లిష్‌లో పెట్టెయ్. టైమ్‌జోన్ సంగతితో మొదలుపెట్టు. మేం మొదట ఏం చేశాం, నాకేం తట్టింది, ఏం కట్టాను, ఎక్కడ పనిచేయదు, తర్వాత ఏం చేయాలనుకుంటున్నాను. సీ ఎక్స్‌టెన్షన్ల దగ్గర పనిచేయదన్న మాట అస్సలు తీసేయకు. తన పనికి హద్దు ఎక్కడుందో చెప్పగలిగే అండర్‌గ్రాడ్ అరుదు, చదివేవాళ్లు అక్కడ ఆగుతారు. అంకెలు మాత్రం అసలు పేజీలో ఉండాలి. కాన్ఫరెన్స్ డబుల్ బ్లైండ్ (రాసినవాళ్లూ రివ్యూ చేసేవాళ్లూ ఒకరికొకరు తెలియకూడదనే పద్ధతి) అయితే టూల్ పేరు ఇలాంటి చోట పెట్టకు.

లెటర్ గురించి ఇంకోటి. నీతో రోజూ కూర్చున్నది ఎవరు, ప్రొఫెసరా, ఆ పీహెచ్‌డీ ఆవిడా? చాలా ల్యాబుల్లో ప్రొఫెసర్ వారానికోసారి అరగంట చూస్తాడు. ఆ లాగ్స్ సంగతి, రికార్డర్ సంగతి ఆయనకి సగమే తెలిసుంటుంది. "లెటర్ రాసేముందు ఒకసారి ఆవిడతో మాట్లాడతారా" అని అడుగు, లేదా ఆవిడనే నాలుగు వాక్యాలు ఆయనకి పంపమను. "తెలివైన విద్యార్థిని, క్లాసులో ఏ తెచ్చుకుంది" అనే లెటర్లు మా టేబుల్ మీద కుప్పలుగా ఉంటాయి. "నేను అన్నీ రన్ చేయమంటే తను అక్కర్లేదని చూపించింది" అన్న ఒక్క వాక్యం చాలు. రెండో లెటర్‌కి నిన్ను ఎరగని పెద్ద పేరు వెనక పడకు, ఎరిగిన చిన్న పేరే మేలు.


సీమ_సెగ
సెప్టెంబరు 19, ఉదయం 9:15

సెకండ్ ఆథర్ అని దిగులు పడుతున్నట్టున్నావు కదా, దానికీ లెటరే మందు. మాది థియరీ. మా దగ్గర ఆథర్ల పేర్లు అక్షరక్రమంలో వేస్తారు, ఎవరు ఎక్కువ చేశారన్నదాంతో పనిలేదు. మా ఇంటిపేరు ఇంగ్లిష్‌లో వైతో మొదలవుతుంది, కాబట్టి ఏ పేపర్ రాసినా చివర్న వేలాడుతూ ఉంటాను. నా లెటర్‌లో మా సూపర్‌వైజర్ ఆ పద్ధతి ఒక లైన్లో చెప్పి, ఫలానా లెమ్మా (ప్రూఫ్‌లో ఒక మెట్టు) నాదే అని రాశారు. నీకూ ఏ సెక్షన్ నీదో లెటర్‌లో ఉండాలి.

లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నట్టు ఫెర్పా (అమెరికాలో విద్యార్థి రికార్డుల చట్టం) వేవర్ సంతకం ఎక్కడైనా అడిగితే పెట్టేయ్. పెట్టకపోతే, రాసేవాళ్లు మొహమాటపడి రాశారేమో అని చదివేవాళ్లకి అనుమానం.


దివిసీమ_పిల్ల
సెప్టెంబరు 24, సాయంత్రం 6:45

అప్‌డేట్. కొత్త పేజీ పంపాను, ప్రొఫెసర్ రెండే కామెంట్లు పెట్టారు. చైర్ ఓకే అన్నారట. ల్యాబ్ అక్క తనే వెళ్లి ఆయనతో మాట్లాడింది, నేను అడగకుండానే. అమ్మకి చెప్పాను. "నేను అప్పుడే చెప్పానా, వాళ్లే పంపుతారని" అంటోంది 😀

కొత్త చిక్కొకటి. నా పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంది, గివెన్ నేమ్ ఖాళీ. దాంతో వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ అదే. పేపర్‌లో మాత్రం ఇంట్లో పిలిచే వరసలో పేరు, తర్వాత ఇంటిపేరు. ఇద్దరు వేరువేరు మనుషులు అనుకోరు కదా?


సీమ_సెగ
సెప్టెంబరు 24, రాత్రి 7:30

మనవాళ్లలో సగంమందికి ఉన్న తంటానే. నామినేషన్‌లో పేపర్‌లో ఉన్న పేరే వాడమను, ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఇలా ఉంటుందని ప్రొఫెసర్ లెటర్‌లో ఒక లైను రాయమను. పనిలో పనిగా ఆర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేవాళ్లని పేరుతో పనిలేకుండా గుర్తుపట్టే నంబరు) ఒకటి తీసుకో. పేపర్లకి ఒకే వరస పేరు ఇప్పుడే ఖాయం చేసుకో, పీహెచ్‌డీలో మార్చాలంటే నానా యాతన.


హైటెక్_సిటీ_నాన్న
సెప్టెంబరు 25, ఉదయం 6:50

అన్నీ చదివాను. చాలా ఉపయోగకరంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. అయితే మా అబ్బాయి ఏ ప్రొఫెసర్‌ని పట్టుకోవాలి? ఏం రాయాలి?


ఎన్పీ_మామ
సెప్టెంబరు 25, రాత్రి 9:10

సార్, సోఫమోర్ అంటే బోలెడు టైముంది. ఇప్పటిదాకా చదివిన కోర్సుల్లో ఏది నచ్చిందో ఆ ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లమనండి. ఆయన ఈమధ్య రాసిన పేపర్ ఒకటి ముందే చదివి, అర్థంకాని చోటు ఒకటి అడగమనండి. అవార్డు ఊసు అక్కడ ఎత్తొద్దు. ఇంకేమైనా డౌట్లుంటే అబ్బాయినే ఇక్కడ అడగమనండి, చెప్తాం.


హైటెక్_సిటీ_నాన్న
సెప్టెంబరు 26, ఉదయం 6:40

వాడికి తెలుగు చదవడం రాదండి. మీరు చెప్పండి, నేను ఇంగ్లిష్‌లో వాట్సాప్ పెడతాను.